జమ్ముకు అర్థం వెతికిన అవ్వ

మొన్న మొయినాబాద్ అవతల ఒక ఫామ్‌హౌస్‌లో పెళ్లికి మా టెంట్ హౌస్ సామాను దింపుతున్నాను. మా సామానంటే కుర్చీలు, వంట గిన్నెలు, భోజనాల దగ్గర వేసే షామియానా. ఫొటోల్లో పడేవేవీ మావి కావు. స్టేజీ, పూలు, లైట్లు సిటీ నుంచి వచ్చిన డెకరేషన్ వాళ్లవి. వాళ్లలో ఒక కుర్రాడు పెద్ద ఇత్తడి బిందెలో ఎండిన జమ్ము కాడలు నిలబెట్టి, లావుపాటి అగరుబత్తుల్లా ఉన్న వాటి కంకులకు శ్రద్ధగా బంగారు రంగు పూస్తున్నాడు. మా చెరువులో బర్రె కూడా మూతి తిప్పుకునే గడ్డికి ఇంత మర్యాదా అని దగ్గరికి పోయాను.

"ఏంది తమ్మీ ఇది?" అన్నాను, తెలియనట్టు.

"క్యాట్‌టెయిల్ అన్నా. పిల్లి తోక అన్నట్టు. బయటి దేశం నుంచి తెప్పించినం. మన దిక్కు దొరకది."

ఫామ్‌హౌస్ గోడకు అవతల చెరువు. చెరువు నిండా జమ్ము. గాలి వచ్చినప్పుడల్లా గోడ మీదుగా తొంగిచూసి మా మాటలు వింటోంది కూడా. చెబుదామనుకుని ఆగాను. పని చేసుకునేవాణ్ని చిన్నబుచ్చడమెందుకు? పైగా అప్పటికే నా చెవిలో ఒక ముసలి గొంతు మొదలైంది: "పిల్లి తోకనా? ఏ పిల్లి? ముందుగాల అట్ల అన్నోడెవడు?"

ఆ గొంతు మా ఊరి అవ్వది. పోయిన వానాకాలంలో చనిపోయింది. జమ్ము అంటే ఎలా ఉంటుందో, ఎక్కడ పెరుగుతుందో ఆమెకు తెలియక కాదు. చెరువు గట్టునే పుట్టి పెరిగిన మనిషి. ఆ పేరుకు అర్థమేమిటన్నదే ఆమె బాధ. ఇంగ్లీషు వాళ్లు పిల్లి తోకతో తేల్చేసిన సంగతిని పట్టుకుని మా అవ్వ మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా ఎంతమందిని నిలదీసిందో నాకు తెలుసు. ఎందుకంటే చాలాసార్లు బండి నాదే.

ఆమె పేరేమిటని అడుగుతారేమో. చెప్పను. చెబితే మీరు దాని అర్థం ఆలోచిస్తూ కూర్చుంటారు, నా మాట ఎవరూ వినరు.

మాది సురంగల్ దిక్కు ఒక పల్లె. అవ్వ వాళ్లు పాలకూర, కొత్తిమీర పండిస్తారు. పొద్దున్నే గంప ఎత్తుకుని మొయినాబాద్ బస్‌స్టాప్ దగ్గర కూర్చునేది. కొనేవాళ్లు ధర అడిగితే ఆమె వాళ్ల పేరు అడిగేది. పేరు చెబితే, "అంటే?" అనేది. అలా అనేటప్పుడు కుడిచేయి చాపి, గుప్పిట విప్పి, అరచేతిని మన ముక్కు కిందికి తెచ్చేది. అర్థం అందులో పెట్టాలన్నమాట. పెట్టినవాళ్లకు కొసరుగా ఒక కట్ట. పెట్టలేనివాళ్లకు కొన్నంతే, అదీ జాలిచూపుతో.

ఒకసారి ఒక కాలేజీ పిల్ల చిక్కింది.

"స్వాతి అంటే చుక్క, అవ్వా."

"చుక్కనా? మంచిగున్నది. ఏం జేస్తది ఆ చుక్క?"

"ఏం జేస్తది... మెరుస్తది."

"మెరుస్తదంట!" అని పక్కన జామకాయలమ్మే ఆమెను మోచేత్తో పొడిచి, ఆ చుక్కను తానే పైకి ఎగరేసినంత సంబరపడింది.

ఇంకోసారి ఒకామె చంకలో పిల్లాడితో వచ్చింది. పిల్లాడి పేరు నోరు తిరగనిది. "నెట్ల చూసి పెట్టినం అవ్వా" అంది ఆమె. "మరి నెట్టు ఏమన్నది?" అని అవ్వ. "యాదికి లేదు." అవ్వ నాలుక చప్పరించింది. ఆ చప్పరింపు బస్సు హారన్ కంటే దూరం వినిపించేది. "తాళం చెయ్యి లేని తాళం తెచ్చి పిల్లగాని మెడకేసిండ్రు" అంది, ఆమె పోయాక. పోయాక అన్నందుకు సంతోషించాలి; సాధారణంగా ముందే అనేది.

నా పేరుకు అర్థం నాకు తెలియదు. మా నాయన సినిమా చూసి వచ్చి పెట్టాడు. కనుక ఆమె లెక్కలో నాకు పేరే లేదు. "ఓ టెంటోడా" అని పిలిచేది. బడికీ నాకూ ఎనిమిదిలోనే తెగతెంపులైనా నోటికి మాత్రం సెలవు ఇవ్వలేదు కాబట్టి నేనూ చెయ్యి చాపేవాణ్ని.

"టెంటు అంటే అవ్వా?"

"ఎండకు, వానకు అడ్డం. నీ పేరుకన్న నీ పనికే అర్థమున్నది. నడు."

మనుషులతో ఆగేది కాదు. మా రోడ్డు పొడుగునా ప్లాట్ల బోర్డులు. ఒకచోట "లేక్ వ్యూ" అని ఉంటే బండి ఆపించి వాచ్‌మన్‌ను అడిగింది. చెరువు కనబడే జాగా అని అతను చెప్పాడు.

"కనవడ్తుందా?"

"గోడ కట్టిండ్రు గదా అవ్వా. ఇప్పుడు కనవడది."

"మరి పేరు మార్చమని చెప్పు మీ సారుకు. గోడ కనవడే జాగా అని రాయుమను" అని మళ్లీ బండెక్కింది. వాచ్‌మన్ నవ్వలేదు. ఆమె కూడా నవ్వలేదు. నిజంగానే మారుస్తారనుకుంది.

ఆమె వాడలో చిన్న చర్చి ఉంది. పుట్టిన పిల్లను మొదటిసారి అక్కడికి తెచ్చినప్పుడు అయ్యగారు చేతుల్లోకి తీసుకుని, పేరేమిటని అడిగి, ఆ పేరుతో ప్రార్థన చేస్తారు. అయ్యగారు నోరు తెరిచే లోపలే ఆడవాళ్ల చాపల మీద నుంచి "అంటే?" అని అవ్వ గొంతు లేచేది. ఎన్నో ఏళ్లు విని విని, చివరికి ఆయనే అడగడం మొదలుపెట్టారు. పక్క ఊళ్ల చర్చిల్లో పేరొక్కటే అడుగుతారట. మా ఊళ్లో రెండూ: "పేరు? అర్థం?" కొత్త కోడళ్లు ముందు రాత్రే బట్టీపట్టుకుని వస్తారు. పేరు పెట్టే రోజుల్లో కుర్చీలు నావే కనుక వెనక వరసలో కూర్చుని నేనిది చాలాసార్లు చూశాను.

అంత నియమం పెట్టిన మనిషి తన ఇంట్లోనే ఇరుక్కుంది.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. అవ్వ మనుమరాలు, కొడుకు బిడ్డ, కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఇంకా సమయముందనుకుని కొడుకూ కోడలూ ఆకుకూర వేసుకుని సిటీ మార్కెట్‌కు పోయిన మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. పెద్ద రోడ్డు కింది మోరీ వరదకు తెగిపోయి అంబులెన్సు అవతలి ఒడ్డునే ఆగింది. ఊళ్లో ఆ వేళకు దొరికిన బండి నా ట్రాలీ ఆటో ఒక్కటే. అందులో చేవెళ్లలో ఒక ఫంక్షన్‌కు పోవలసిన పరుపులు ఉన్నాయి. వాటి మీదే అమ్మాయిని పడుకోబెట్టి, పైన షామియానా గుడ్డ కప్పి, అవ్వ పక్కన కూర్చుంది.

"పెండ్లిపిల్ల లెక్క పోతున్నవ్ చెల్లె" అన్నాను, ధైర్యం చెబుదామని. ఆ అమ్మాయి తిట్టిన తిట్టుకు అర్థం ఎవరినీ అడగనవసరం లేకపోయింది.

చెరువు పక్క బండ్ల బాట పట్టాను. కొంతదూరం పోయాక వెనక చక్రం బురదలో దిగబడింది. ఎంత రేస్ చేసినా బండి ముందుకు పోదు, బురద మాత్రం ఎగిరి నా వీపు మీదికి వస్తుంది. కింద పెడదామంటే రాయి లేదు. బండిలో ఉన్న ఇంకో షామియానా గుడ్డ మడిచి పెట్టాను; చక్రం దాన్ని నమిలి మింగేసింది. లోపల అమ్మాయి అరుపు మారింది. నా దగ్గరున్న జోకులన్నీ అక్కడితో అయిపోయాయి.

అవ్వ దిగింది. చీర మోకాళ్ల పైకి దోపుకుని నేరుగా చెరువులోకి నడిచింది. తన కంటే ఎంతో ఎత్తున్న జమ్మును రెండు చేతులా కౌగిలించుకుని పక్కకు వాలి విరిచింది. విరిచి ఒడ్డుకు విసిరింది.

"నిలవడి చూస్తవేందిరా? కొయ్!"

తాళ్లు కోసే కత్తితో నేనూ దిగాను. ఆకులూ కాడలూ కంకులూ అన్నీ కలిపి, మోపులు మోపులుగా తెచ్చి చక్రాల కింద పరిచాము. జమ్ము కాడ లోపల బెండులా ఉంటుంది. బరువు పడితే అణుగుతుంది కానీ జారదు. మొదటిసారి చక్రం ఊగి మళ్లీ కూర్చుంది. అవ్వ ఇంకో మోపు తెచ్చి తోసింది. రెండోసారి బండి లేచి, దున్నపోతు లేచినట్టు ఒళ్లు విదిలించి, గట్టినేల మీదికి వచ్చింది.

చేవెళ్ల దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. పేగు మెడకు చుట్టుకుందని, వేళకు వచ్చారు కనుక తల్లీ బిడ్డా దక్కారని నర్సమ్మ చెప్పింది. అవ్వ తొడల దాకా బురద, జుట్టు నిండా జమ్ము కంకుల దూది. ఆ వేషంలోనే వంగి పిల్ల ముఖం చూసి, "జమ్ము" అంది.

"ఏంది అవ్వా?"

"పేరు. దీని పేరు జమ్ము."

నా ప్రాణం కుదుటపడింది కదా, నోరు కూడా లేచింది. కుడిచేయి చాపి, గుప్పిట విప్పి, అరచేతిని ఆమె ముక్కు కిందికి తీసుకుపోయాను. "అంటే?"

అవ్వ నోరు తెరిచింది. మళ్లీ మూసింది. అంతకుముందు ఆమె నోరు ఏమీ చెప్పకుండా మూతపడటం నేను చూడలేదు.

మనుమరాలు అప్పటికే "బ్లెస్సీ" అని అనుకుని ఉంది. అర్థం సుబ్బరంగా ఉంది, ఆశీర్వాదం అని. అత్తగారిది ప్రొద్దుటూరు, శంకర్‌పల్లి దిక్కు. ఆమెకు సంగతి తెలిసి, "గడ్డి పేరు పెడ్తరా మా పిల్లకు? రేపు మా ఊళ్లె అందరు నవ్వరా?" అంది. ఆ ఊళ్లో కాపురం చేయవలసింది మనుమరాలు. అందుకని ఆ అమ్మాయి గోడ వైపు తిరిగి పడుకుంది.

అవ్వే తీర్పు చెప్పింది. "చర్చికి తీస్కపోయేలోపల అర్థం దొరికితె జమ్ము. దొరకకుంటె బ్లెస్సీ. ఊరందర్ని అడిగినదాన్ని, నా ఇంటికొచ్చేసరికి మాట తప్పుతనా?"

ఇక తిరగడం మొదలు. ముందు నా ఫోన్‌లో వెతకమంది. వెతికితే మంచుకొండలు వచ్చాయి, సైనికులు వచ్చారు, ఆపిల్ పండ్లు వచ్చాయి. అవ్వ ఫోన్‌ను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది. "మంచిగనే ఉన్నది. మరి జమ్ము ఏది?" అంది.

ఎంకపల్లి రోడ్డు మీద పంక్చర్లు వేసే చాచా దగ్గరికి పోయాము. ఆయన ట్యూబును నీళ్లలో ముంచి బుడగల కోసం చూస్తూ ఆలోచించాడు. "జమ్నా అంటే గట్టిగ అయ్యేది అవ్వా. దహీ జమ్ గయా అంటం గద. పెరుగు తోడుకున్నది అన్నట్టు."

"అయితె పిల్లకు పెరుగు అని పెట్టాల్నా?"

"పెరుగు ఖరాబ్ చీజ్ కాదు, మంచిదే" అన్నాడు చాచా నొచ్చుకుని.

మా ఊరి పాత సర్పంచు పొలానికి చెరువు ఆనుకుని ఉంటుంది. ఆయన గట్టున నిలబడి కూలీలతో జమ్ము పీకిస్తున్నాడు. విషయం విని నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

"అవ్వా, ఏటేటా నేను పీకి పారేసేదాని పేరు తెచ్చి పిల్లకు పెడ్తవా?"

"ఏటేటా ఎందుకు? ఒక్కసారి పీకితె పోతలేదా పటేలా?"

"యాడ పోతది! దాని వేరు అడుగున పాకుతది. పీకిన కాడ రెండు లేస్తయ్."

"గట్లనా!" అని అవ్వ తొడ చరిచింది. కానీ బండెక్కాక కాసేపటికే తల అడ్డంగా ఊపింది. "గది దాని గుణం. అర్థం కాదు."

చివరికి చేవెళ్లలో రిటైరైన తెలుగు సారు ఇంటికి పోయాము. నాకు ఎనిమిదిలో ఆయనే చెప్పారు. నన్ను గుర్తుపట్టి, ఆ గుర్తుపట్టినందుకు ఆయనే కొంచెం బాధపడ్డారు. అవ్వ ప్రశ్న వినగానే లోపలి నుంచి పెద్ద నిఘంటువు తెచ్చి, కళ్లజోడు సవరించుకుని, వెతికి, "తృణవిశేషము" అని చదివారు.

"అంటే సారూ?"

"ఒక రకం గడ్డి."

ముందుగా నవ్వింది సారే. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "అవ్వా, మన్ను అంటే ఏంది? రాయి అంటే ఏంది? కొన్ని మాటలు గంతే. వాటి వెనక ఇంకో మాట ఉండది. అవే మొదలు" అన్నారు.

అవ్వ ఆయన చేతి మణికట్టు పట్టుకుంది. "మొదలే అనుకో సారూ. గని మొదలు అన్నోడు ఒకడుంటడు గద. చెరువు కాడ నిలవడి, దాన్ని చూసి, జమ్ము అన్నడు. వాడు ఇంకేదన్న అనొచ్చు. గిదే ఎందుకన్నడు?"

సారు చెయ్యి విడిపించుకోలేదు. తర్వాత చాలా రోజులు ఆయన నాకు ఫోన్ చేసి, "ఏమైనా తెలిసిందా?" అని అడిగేవారు. రోగం అంటించి వచ్చింది.

అయ్యగారి దగ్గర కూడా ఒక ప్రయత్నం చేసింది. "అయ్యా, బైబిల్ల రాజు సంపుతడని పసిపిల్లగాన్ని పెట్టెల పెట్టి నీళ్లల్ల దాచిండ్రు గద. ఆ పెట్టె జమ్ముదే గద."

"అవునవ్వా. కానీ ఆ పిల్లగానికి జమ్ము అని పెట్టలే. నీళ్లల్ల నుంచి తీసినోడు అని అర్థమొచ్చే పేరు పెట్టిండ్రు" అన్నారు ఆయన.

"వాళ్లకు దొరికింది" అంది అవ్వ. తిరిగి వచ్చేటప్పుడు బాట పక్కన జమ్ము వచ్చినప్పుడల్లా అటే చూసింది.

ఆ ఆదివారం రానే వచ్చింది. ప్రొద్దుటూరు నుంచి అత్తగారు పట్టుచీరలో దిగింది. నేను వెనక వరసలో. అయ్యగారు పిల్లను ఎత్తుకుని, అలవాటు ప్రకారం, "పేరు? అర్థం?" అన్నారు.

అందరూ అవ్వ వైపు తిరిగారు. అవ్వ చాప మీద చెయ్యి ఆనించి నెమ్మదిగా లేచింది. కొంగు సర్దుకుంది. నేను గుడ్లప్పగించి చూస్తున్నాను. ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు. చెబితే కాదనే మగాడు ఆ ఊళ్లో లేడు.

"దొరకలేదయ్యా" అంది. "మస్తు తిరిగిన. దొరకలేదు. బ్లెస్సీ అని ప్రార్థన చెయ్యుండ్రి."

అత్తగారు హమ్మయ్య అని ఊపిరి వదిలిన చప్పుడు నాకు వెనక వరసలోకి వినిపించింది. అవ్వ కూర్చోబోయింది.

"జమ్ము" అంది మనుమరాలు.

అయ్యగారు పిల్ల వైపు చూశారు, తల్లి వైపు చూశారు. "అర్థం బిడ్డా?"

"నాకు తెల్వదయ్యా. బండి దిగవడ్డది. నేను సచ్చిపోతున్న అనుకున్న. గుడ్డ సందుల నుంచి చూస్తె మా అవ్వ నీళ్లల్ల నిలవడి జమ్ము ఇరుస్తున్నది. బండి లేసింది. ఇది పుట్టింది. నాకు గదే తెలుసు."

అయ్యగారు, "ఇది అర్థం కాదు బిడ్డా. సాక్ష్యం" అన్నారు. ఆపైన కళ్లు మూసుకుని, "జమ్ము అనే ఈ చిన్నబిడ్డను..." అని ప్రార్థన మొదలుపెట్టారు.

బయట షామియానా కింద భోజనాలు. అవ్వ మనుమరాలి చెయ్యి పట్టుకుని నిలదీసింది. "నేను బ్లెస్సీ అన్న గద. మరి నువ్వెందుకు మార్చినవ్? నియమం నియమమే గద."

"నియమం నీది అవ్వా. పిల్ల నాది" అంది మనుమరాలు, పిల్ల నోటి దగ్గర ఈగను తోలుతూ.

అవ్వ ఆ మాటను కాసేపు నోట్లో తిప్పుకుంది. అంతలో అత్తగారు విస్తరితో వచ్చి, చుట్టూ నలుగురికీ వినబడేలా, "పెట్టిండ్రు సరే. మా ఊళ్లె అడుగుతరు గద. ఏమని చెప్పాలె అవ్వా? ఇంతకు జమ్ము అంటే ఏంది?" అంది.

నేను కూర గిన్నె పట్టుకుని అక్కడే ఆగిపోయాను. జీవితమంతా ఆ ప్రశ్న అడిగిన మనిషి మొదటిసారి దాని అవతలి వైపు నిలబడి ఉంది.

అవ్వ నడుం నిటారు చేసింది. "జమ్ము అంటే నా మునిమనుమరాలు" అంది. "ఇంక అడిగేటోళ్లుంటే ఈడికి పంపు. నేను చెప్త."

అత్తగారు పప్పు వేయించుకుని పోయింది. ఆమె కుర్చీ దాకా పోయేవరకు అవ్వ అలాగే నిటారుగా నిలబడింది. తర్వాత నా భుజం పట్టుకుని కిందికి వంచి, చెవిలో అడిగింది.

"వికారాబాద్ దిక్కు జమ్ముతోని చాపలల్లే ముసలాయన ఒకాయన ఉన్నడంట. ఆయనకు తెలుసంట. రేపు బండి తీస్తవా?"